కౌన్సిల్ అజెండాలో భద్రతకు ఒక నంబరు కావాలి

మీలో ఎంతమంది కార్పొరేషన్ కౌన్సిల్ మీటింగ్ అజెండా కాపీ చేతిలోకి తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినారో నాకు తెలీదు, చదవకపోయి ఉంటే మాత్రం ఒక్కసారి సంపాదించి చదవండి. ఊరు ఎట్లా నడుస్తాందో, డబ్బులు దేనికి పోతాండాయో, దేని గురించి ఎవరూ నోరు తెరవడం లేదో అన్నీ అందులోనే కనపడతాయి. స్టేప్లర్ కొట్టిన తెల్ల కాగితాలు, ఎడమ పక్కన అంశం నంబరు, దాని ఎదురుగా ఎక్కడా ఆగని ఒక పొడుగాటి వాక్యం. ఫలానా డివిజన్‌లో ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు సీసీ డ్రెయిన్ నిర్మాణం, అంచనా విలువ ఇన్ని లక్షలు, జనరల్ ఫండ్స్ నుంచి, కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం. తర్వాతది పైపులైన్ లీకేజీ పనులు, ఆ తర్వాతది ట్రాక్టర్ల అద్దె, ఆ తర్వాతది ఔట్‌సోర్సింగ్ వర్కర్ల గడువు పొడిగింపు, ఇంకోటి మార్కెట్ షాపుల లీజు రెన్యువల్. కొన్నింటి చివర "ధ్రువీకరణ నిమిత్తం" అని ఉంటాది, అంటే ఆ పని ముందే అయిపోయింది, బిల్లు కూడా అయిపోయి ఉండొచ్చు, ఇప్పుడు కౌన్సిల్ తల ఊపితే చాలు.

ఇవన్నీ కావాల్సినవే, డ్రెయిన్ వద్దని ఎవరంటారు. కానీ అజెండా మొత్తం తిరగేసినా, పోయిన మీటింగ్ నుంచి ఈ మీటింగ్ దాకా ఊర్లో జనం ఎంత భద్రంగా ఉన్నారు, ఎక్కడ లైట్లు లేవు, ఎక్కడ కుక్కలు కరిచినాయి, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత లేక బండి పడింది, మనం పెట్టిన కెమెరాల్లో ఎన్ని పని చేస్తాండాయి అని లెక్క చెప్పే అంశం ఒక్కటి కూడా తగలదు. ఈ పోస్టు రాసేది దాని గురించే.

నేను ఉండేది కర్నూల్లో. మా పెద్దమ్మ కూతురు సీమలోనే ఇంకో ఊర్లో కార్పొరేటర్. ఆ ఊరి పేరు, ఆమె పార్టీ పేరు ఇక్కడ అవసరం లేదు, ఏ ఊర్లో ఏ పార్టీ ఉన్నా నేను చెప్పేది పెద్దగా మారదు. ఆమె రమ్మంటే ఒకసారి సర్వసభ్య సమావేశం చూడ్డానికి పోయినా. ప్రెస్ వాళ్ల వెనకాల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసినారు. పైన మేయర్, పక్కన కమిషనర్, కింద రెండు పక్కలా కార్పొరేటర్లు, ఒక మూల ఇంజనీరింగ్ వాళ్లు, టౌన్ ప్లానింగ్ వాళ్లు, హెల్త్ ఆఫీసర్ ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సెక్రటరీ గారు అంశం నంబరు చదువుతాండంగానే ఒక పక్క బెంచీల నుంచి "ఆమోదం, ఆమోదం" అని వినపడతాంది, ఇంకో పక్క వాళ్లు "ఆగండి సార్, దీని మీద మాట్లాడాల" అని లేస్తారు, మైకు వాళ్ల దగ్గరికి వచ్చేలోపల చదవడం రెండు అంశాలు ముందుకు పోయింటాది. మధ్యలో అటెండర్ వచ్చి ఇంకో రెండు కాగితాలు పంచినాడు, అప్పటికప్పుడు చేర్చినవి, టేబుల్ అజెండా అంటారు. అక్క ఆ కాగితం మొదటి పేరా చదువుతా ఉండంగానే అది పాస్ అయిపోయింది.

షాపుల లీజు అంశం దగ్గర మాత్రం బాగా గొడవ జరిగింది. రెండు పక్కలా లేచి అరుచుకున్నారు, ఒకాయన కాగితాలు చించేసినాడు, కొంతమంది పోడియం దగ్గరికి పోయి కూర్చున్నారు, కొంతమంది వాకౌట్ చేసినారు. మర్నాడు పేపర్లో వచ్చింది కూడా అదే.

చివర్లో జీరో అవర్ వచ్చింది, అంటే అజెండాలో లేని సంగతులు సభ్యులు లేచి చెప్పుకునే టైము. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. వెనక వరసలో ఒక కార్పొరేటరమ్మ లేచి, మా డివిజన్‌లో వాటర్ ట్యాంకు పక్క సందులో నాలుగు స్తంభాలు ఉన్నాయి సార్, ఒక్కటి కూడా వెలగదు, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఫోన్ టార్చి వేసుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వస్తాండారు, పోయిన మీటింగ్‌లో చెప్పినా, అంతకు ముందు మీటింగ్‌లోనూ చెప్పినా, అని చెప్పింది. గొంతు పెంచలేదు ఆమె. ఇంజనీరింగ్ ఆఫీసర్ లేచి "నోట్ చేసుకున్నాం మేడమ్" అన్నాడు. ఆమె కూర్చుంది. ఇంకొకాయన కుక్కల గురించి చెప్పినాడు, దానికీ నోట్ చేసుకున్నారు. జాతీయ గీతం పాడి అందరూ లేచినారు.

నాకు అక్కడ బాధ అనిపించింది ఏమంటే, ఆ నాలుగు లైట్ల మాట ఆ రోజు కౌన్సిల్ రికార్డులో ఎక్కడా ఒక నంబరు కింద లేదు. నంబరు లేకపోతే తీర్మానం లేదు, తీర్మానం లేకపోతే మళ్లీ మీటింగ్‌లో "దాని సంగతేమైంది" అని అడిగే హక్కు ఎవరికీ గట్టిగా ఉండదు, అడిగినా మళ్లీ జీరో అవర్‌లోనే. డ్రెయిన్‌కి అయితే నంబరు, అంచనా, టెండరు, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు అన్నీ ఉంటాయి, ఎవరైనా ఎప్పుడైనా ఫైలు తీసి చూడొచ్చు. ఆడపిల్లలు చీకట్లో నడిచే సందుకి ఏమీ లేవు. డబ్బు ఖర్చు పెట్టే ప్రతి పని కౌన్సిల్‌లో అంశం అవుతాంది, మనిషి ప్రాణానికి సంబంధించింది మాత్రం విన్నపం అవుతాంది. ఈ తేడా పోవాల.

మా కర్నూలు వాళ్లకి కౌన్సిల్ విలువ ఇంకొంచెం బాగా తెలిసుండాల, ఎందుకంటే 2010లో పాలకవర్గం గడువు అయిపోయిన తర్వాత మళ్లీ 2021 మార్చిలో ఎన్నికలు జరిగే దాకా మా ఊరికి ఎన్నికైన కౌన్సిలే లేదు. అంత కాలం స్పెషల్ ఆఫీసర్ల పాలన. 2014లో చుట్టుపక్కల ఊర్లలో మునిసిపల్ ఎన్నికలు అయినా మాకు కాలేదు. ఇంతకీ ఇది ఒకప్పుడు రాజధాని ఊరు, 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, ఆ రోజుల్లో ఉద్యోగుల కోసం కట్టిన ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు పేర్లు ఇప్పటికీ మా నోళ్లలో ఉన్నాయి. అట్లాంటి ఊర్లో పుట్టి పెద్దయిన పిల్లలు కొంతమంది, మా డివిజన్ కార్పొరేటర్ ఎవరు అని అడిగే అవసరమే లేకుండా పెరిగినారు. 2021లో 52 డివిజన్లకి ఎన్నికలు జరిగినప్పుడు మా వీధిలో ముసలోళ్లు కూడా పొద్దున్నే లైన్లో నిలబడినారు. నిలబడింది డ్రెయిన్ల కోసమే కాదు కదా, అడిగే మనిషి ఒకరు ఉంటే బాగుంటుందని.

భద్రత అంటే ఏంటో ఈ ఊరికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు కూడా. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినాయి. పాత ఊర్లో ఇండ్లు మునిగి, మిద్దెల మీదికి ఎక్కి కూర్చున్న వాళ్లు ఇప్పటికీ ఆ రాత్రి గురించి చెప్తుంటే మధ్యలో ఆగిపోతారు. నదికి అడ్డంగా ఏం కట్టినారు, వాగు ఎక్కడ పూడిపోయింది, నీళ్లు వస్తాండాయని ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పాల, ఇవన్నీ కౌన్సిల్ ముందు వానాకాలానికి ముందే రావాల్సిన ప్రశ్నలు. వాన వచ్చిన తర్వాత వచ్చేది సాయం లెక్కలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, చాలామందికి తెలియనిది. భద్రత అనంగానే మన వాళ్లు "అది పోలీసోళ్ల పని, కౌన్సిల్‌కి ఏం సంబంధం" అంటారు. చట్టం ప్రకారం అది సగం నిజమే. పోలీసు శాఖ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది, ఎస్పీ గారు రాష్ట్ర హోం శాఖ కింద పని చేస్తారు, మేయర్ కింద కాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పట్టణాలకి ఇవ్వొచ్చని పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాసినారు, అందులో వీధి దీపాలు, బస్టాపులు, ఫైర్ సర్వీసు ఉన్నాయి గానీ పోలీసు లేదు. కాబట్టి మన కౌన్సిల్ ఒక ఎస్సైని బదిలీ చేయలేదు, ఒక కేసు గురించి ఆర్డర్ వేయలేదు, అది మంచిది కూడా.

కానీ 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాల అని. ఊరికే ఒక కెమెరా పెట్టి వదిలేయడం కాదు. లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి, మెయిన్ గేటు, అన్ని లాకప్పులు, లాకప్పు బయట, కారిడార్లు, రిసెప్షన్, వరండా, ఇన్‌స్పెక్టర్ రూము, ఎస్సై రూము, స్టేషన్ వెనక భాగం, బాత్రూముల బయట, ఇన్ని చోట్ల ఉండాల. చీకట్లోనూ కనపడాల, బొమ్మతో పాటు మాట కూడా రికార్డు కావాల. ఆ రికార్డింగు 18 నెలలు దాచాల, మార్కెట్లో అంత కెపాసిటీ మిషను దొరకకపోతే దొరికిన వాటిలో ఎక్కువ కాలం దాచేది కొనాల, ఎట్లా చూసినా ఏడాదికి తగ్గకూడదు. ఇక్కడ కెమెరాలు ఉన్నాయి అని స్టేషన్ గోడ మీద జనానికి అర్థమయ్యే భాషలో బోర్డు పెట్టాల.

ఇంతవరకు పేపర్లో చాలామంది చదివే ఉంటారు. పేపర్లో చిన్నగా పడిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ కెమెరాలు పని చేస్తాండాయో లేదో చూడ్డానికి రాష్ట్రంలో ఒక పర్యవేక్షణ కమిటీ, ప్రతి జిల్లాలో ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాల అన్నారు. జిల్లా కమిటీలో రెవెన్యూ వైపు నుంచి ఒక పెద్ద ఆఫీసరు, కలెక్టరు, ఎస్పీ, వీళ్లతో పాటు జిల్లాలోని ఒక మునిసిపాలిటీ మేయరు, పల్లెల వైపు అయితే జిల్లా పరిషత్ చైర్మన్. మేయరు! జనం ఓట్లతో వచ్చిన మనిషి, పోలీస్ స్టేషన్ లాకప్పు ముందున్న కెమెరా వెలుగుతాందా లేదా అని చూసే కమిటీలో సభ్యుడు. ఆ కమిటీ నెల నెలా రాష్ట్ర కమిటీకి రిపోర్టు పంపాల. ఏదైనా స్టేషన్‌లో కెమెరా చెడిపోతే స్టేషన్ ఆఫీసరు ఆ కమిటీకి చెప్పాల, చెడిపోయినన్ని రోజులు ఆ స్టేషన్‌లో ఎవరిని అరెస్టు చేసినారు, ఎవరిని విచారించినారు అనే లెక్క కూడా కమిటీకి పంపాల. రికార్డింగులు అప్పుడప్పుడు తీసి, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా లోపల ఎవరికైనా అన్యాయం జరిగిందేమో చూడాల్సింది కూడా ఈ కమిటీయే.

ఇది చదివిన రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. మేయరు ఆ కమిటీలో కూర్చుంటే, ఆయనో ఆమెనో తిరిగి వచ్చి కౌన్సిల్‌కి ఏం చెప్పినారు? ఏ ఊరి అజెండాలో "జిల్లా పర్యవేక్షణ కమిటీ సమావేశ వివరములు, కౌన్సిల్ వారి సమాచారం నిమిత్తం" అని ఒక్క అంశం వచ్చింది? నేను చూసిన కాపీల్లో లేదు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టే మళ్లీ, స్టేషన్లలో కెమెరాలు పని చేయడం లేదని పత్రికలో వచ్చిన వార్త చూసి, తనంతట తానే కేసు తీసుకుంది. ఐదేళ్ల కింద చెప్పిందాన్ని మళ్లీ కూర్చుని అడగాల్సి వచ్చింది అంటే మధ్యలో చూడాల్సిన వాళ్లు ఎవరూ గట్టిగా చూడలేదనే కదా.

అక్కకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించినా. కాసేపు ఏం మాట్లాడలేదు.

"నిజంగా మేయర్ అని రాసిండాదా అమ్మీ?"

"రాసిండాది అక్కా, తీర్పులోనే ఉంది."

"మాకు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు కూడా ఈ మాట ఎవరూ చెప్పలేదే. సరే గానీ, ఎస్పీ గారి ముందు కూర్చుని మీ కెమెరాలు పని చేస్తాండాయా అని అడిగే మేయరు యాడుంటాడు చెప్పు. రేపు మా పార్టీ వాళ్ల మీద కేసు ఉంటే మేము దాన్ని వాడుకుంటాం, వాళ్లు వస్తే వాళ్లు వాడుకుంటారు. నువ్వు అనుకున్నంత సుళువు కాదు."

ఆమె చెప్పింది తీసిపారేసే మాట కాదు. సీమలో రాజకీయం, పోలీస్ స్టేషను ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో మనకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు, రాజకీయ నాయకుడి చేతికి స్టేషన్ రికార్డింగు ఇవ్వాలంటే నాకూ భయమే. అందుకే నేను అడిగేది రికార్డింగు కాదు, ఏ కేసు వివరమూ కాదు, ఏ మనిషి పేరూ కాదు. లెక్క మాత్రమే. ఊర్లో ఎన్ని స్టేషన్లు, ఒక్కో దాంట్లో ఎన్ని కెమెరాలు ఉండాల, ఎన్ని ఉన్నాయి, ఎన్ని నడుస్తాండాయి, ఎన్ని రోజులు ఆగిపోయినాయి, రికార్డింగు ఎన్ని నెలలు దాచుతాండారు, కమిటీ చివరిసారి ఏ తేదీన కూర్చుంది. ఈ అంకెలతో ఎవరి మీదా కక్ష తీర్చుకోలేరు. కానీ ఈ అంకెలు ప్రతి మీటింగ్‌లో గట్టిగా చదివితే, స్టేషన్‌లో కెమెరా చెడిపోయి నెలలు గడిచిపోవడం కష్టమవుతాది. నిజాయితీగా పని చేసే పోలీసోళ్లకి కూడా ఇది మేలే, తప్పుడు ఆరోపణ వస్తే వాళ్లని కాపాడేది ఆ రికార్డింగే.

ఇదే మాట అక్కకి చెప్తే, "అంకెలు అడగడానికి అయితే నేను సంతకం పెడతా" అనింది.

ఇంకో రకం కెమెరాలు ఉన్నాయి, రోడ్ల మీదవి. చెన్నమ్మ సర్కిల్ పోయినా, రాజ్ విహార్ పోయినా, ఏ ఊర్లో ఏ కూడలి చూసినా స్తంభానికి మూడు నాలుగు తగిలించి ఉంటాయి. కొన్ని పోలీసులవి, కొన్ని కార్పొరేషన్‌వి, కొన్ని వ్యాపారస్తులు చందాలేసుకుని పెట్టినవి. కెమెరా ప్రారంభించిన రోజు రిబ్బను కటింగు ఫోటో అందరూ వేస్తారు, ఆ తర్వాత దాని కేబుల్ ఎవరు చూసుకోవాల, కోతులు తెంపితే ఎవరు అతికించాల, హార్డ్ డిస్కు నిండితే ఎవరు మార్చాల అనేది ఎక్కడ రాసుకున్నారో ఎవరికీ తెలీదు. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే, 2013లో, ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది, ఒకేసారి వంద మంది, అంతకంటే ఎక్కువ చేరే చోట్లు, అంటే పెద్ద షాపులు, హాస్పిటళ్లు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు లాంటివి, వచ్చే పోయే దారుల్లో కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగు దాచాల అని చెప్తుంది ఆ చట్టం. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేదీ రెన్యువల్ చేసేదీ కార్పొరేషనే కాబట్టి, లైసెన్సు ఇచ్చేటప్పుడే ఇది ఉందా అని చూడొచ్చు. చూస్తాండారా అని అడిగే అంశం అజెండాలో ఉండాల.

అట్లాగే కెమెరాలు ఎక్కువ పెట్టడమే భద్రత అని నేను అనడం లేదు. ఎవరి ఇంటి గుమ్మం వైపు తిరిగి ఉంది, ఆ బొమ్మలు ఎవరు చూడొచ్చు, ఎవరి ఫోన్లోకి పోతాండాయి, ఇది కూడా అంతే ముఖ్యం. ఒక సందులో ఉండే ఆడవాళ్లు బయటికి వచ్చి నీళ్లు పట్టుకునేది, ముగ్గు వేసేది అన్నీ ఎవరో ఒక మగాడు స్క్రీన్ మీద చూస్తా కూర్చుంటే దాన్ని భద్రత అనలేం. కౌన్సిల్ డబ్బు పెట్టే ప్రతి కెమెరాకి, అది ఎటు చూస్తుంది, ఎన్ని రోజులు దాస్తుంది, ఎవరి పర్మిషన్‌తో చూడాల అని మూడు లైన్లు తీర్మానంలోనే రాయాల. అంచనా విలువ రాసే చోటే ఇది కూడా రాస్తే సరిపోతుంది, దీనికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు.

కుక్కల సంగతి మీకు నేను చెప్పేదేముంది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కలకి ఆపరేషన్లు చేయించి, రేబిస్ టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థదే, దానికి కమిషనర్ అధ్యక్షతన ఒక లోకల్ కమిటీ ఉండాల. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, హాస్పిటళ్లు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉండే కుక్కల్ని పట్టి, ఆపరేషను టీకా అయిన తర్వాత మళ్లీ అక్కడే వదలొద్దు అనింది. ఇక్కడ కూడా చట్టం ఉంది, కమిటీ ఉంది, కోర్టు మాట ఉంది, కౌన్సిల్‌కి వచ్చే లెక్క లేదు. ఎన్నింటికి ఆపరేషన్లు అయినాయి, ఏ డివిజన్‌లో కాట్లు ఎక్కువ, గవర్నమెంటు హాస్పిటల్‌లో టీకా స్టాకు ఉందా, ఇంతే కదా కావాల్సింది.

ఇవన్నీ సమకూర్చడానికి మనుషులు లేరా అంటే ఉన్నారు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు నడుస్తాండాయి. ఒక్కో సచివాలయంలో మహిళా పోలీస్ ఉంది, నీళ్లు, రోడ్లు లాంటి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ ఉన్నాడు, శానిటేషన్ సెక్రటరీ ఉన్నాడు, కరెంటు వైపు ఎనర్జీ సెక్రటరీ ఉన్నాడు. వీధిలో ఏ స్తంభం వెలగదో, ఏ సందులో సాయంత్రం తాగుబోతులు కూర్చుంటారో, ఏ ఇంట్లో రోజూ కొట్లాటో మహిళా పోలీస్ అమ్మాయికి తెలిసినంత ఎస్పీ ఆఫీసుకి కూడా తెలీదు. మా వీధికి వచ్చే అమ్మాయి స్కూటీ డిక్కీలో ఒక చిన్న నోటుబుక్కు ఉంటాది, అందులో స్తంభాల నంబర్లు, వెలగని తేదీలు, ఫలానా షాపు పక్కన ఆడపిల్లల్ని సతాయిస్తాండారు అనే మాటలు, అన్నీ పెన్సిల్‌తో రాసుకుంటాది. ఎందుకమ్మా ఇవన్నీ అంటే, "ఎవరైనా అడుగుతారేమో అని అక్కా" అనింది. ఆ నోటుబుక్కులో ఉన్నది నెలకొకసారి డివిజన్ల వారీగా ఒక పేజీగా మారి కౌన్సిల్ బల్ల మీదికి రావాల. దారి అదే, ఇంతకంటే పెద్ద టెక్నాలజీ ఏం కావాల చెప్పండి.

రాజ్యాంగంలోనే 243ఎస్ అనే ఆర్టికల్ ఉంది, మూడు లక్షలు, అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న ఊర్లో వార్డు కమిటీలు ఉండాల అని. కర్నూలు 2011 జనాభా లెక్కల్లోనే నాలుగు లక్షలు దాటింది. వార్డు కమిటీలు కాగితం మీద కాకుండా నిజంగా కూర్చుంటే, లైట్ల గురించి ఆ కార్పొరేటరమ్మ ఒక్కతే జీరో అవర్ దాకా ఆగి లేవాల్సిన పని ఉండదు, ఆమె వెనక ఆ సందులో ఉండేవాళ్ల సంతకాలు ఉంటాయి.

ఎవరైనా "ఇదంతా కౌన్సిల్‌లో చర్చకి పెడితే అక్కడ కూడా కొట్లాటే" అంటారు. కొట్లాడుకోనీ. షాపుల లీజు మీద పోడియం దాకా పోయి కొట్లాడేవాళ్లు, లైట్ల మీద, టీకాల మీద, లాకప్పు కెమెరాల మీద కూడా అంతే గట్టిగా కొట్లాడితే నాకు సంతోషమే. మర్నాడు పేపర్లో అది వస్తుంది, చదివిన జనం ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఎవరూ మాట్లాడకుండా పాస్ అయిపోయే అంశాలంటేనే నాకు భయం.

స్టేషన్ల విషయంలో ఎవరికైనా నిజంగా అన్యాయం జరిగితే పోవడానికి వేరే దారులు ఉన్నాయి, అవి కూడా చెప్పాల. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీలు పెట్టమనింది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆఫీసు 2021లో మా కర్నూల్లోనే తెరిచినారు, అదే ఏడాది లోకాయుక్త ఆఫీసు కూడా ఇక్కడే. 2020 తీర్పు ప్రకారం, స్టేషన్‌లో దెబ్బలు తిన్న మనిషికి ఆ రికార్డింగు చెరిపేయకుండా దాచమని అడిగే హక్కు ఉంది. ఈ మాట మీ ఇంట్లో వాళ్లకి, మీ వీధిలో ఆటో నడిపే అన్నకి, కూలికి పోయే తమ్ముడికి చెప్పి పెట్టండి, అవసరం వచ్చిన రోజు వెతుక్కునే టైము ఉండదు.

అక్క, నేను కలిసి ఒక ప్రశ్న రాసినాం. కౌన్సిల్ మీటింగ్‌కి ముందే రాతపూర్వకంగా ఇచ్చేది. భాష వాళ్లదే వాడినాం, లేకపోతే భాష బాలేదని వెనక్కి పంపిస్తారు. ఆమె చెప్తుంటే నేను టైపు చేసినా, మధ్యలో రెండు చోట్ల "ఇది తీసెయ్, ఇది రాస్తే ఎస్పీ ఆఫీసు పరిధి అని కొట్టేస్తారు" అని ఆమె ఆపింది. చివరికి మిగిలింది ఇది:

"ప్రతి సర్వసభ్య సమావేశపు అజెండాలో 'నగర ప్రజల భద్రత, తీసుకున్న చర్యల నివేదిక' అను అంశమును శాశ్వతముగా చేర్చుటకు, సదరు అంశము కింద గత సమావేశపు జీరో అవర్‌లో సభ్యులు లేవనెత్తిన ప్రతి విషయముపై తీసుకున్న చర్య, వెలగని వీధి దీపముల సంఖ్య డివిజన్ల వారీగా, కుక్కకాటు మరియు టీకా నిల్వల వివరములు, కార్పొరేషన్ నిధులతో ఏర్పాటు చేసిన కెమెరాలలో పనిచేయుచున్న వాటి సంఖ్య, మరియు గౌరవ సుప్రీంకోర్టు వారి 02-12-2020 తీర్పు మేరకు ఏర్పాటు కావలసిన జిల్లా పర్యవేక్షణ కమిటీ చివరి సమావేశపు తేదీ, అందులో మేయర్ వారి హాజరు వివరములను కౌన్సిల్ ముందు ఉంచుటకు గాను."

అక్క దాన్ని ఆఫీసులో ఇచ్చి, కాగితం అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, రసీదు ఫోటో నాకు పంపింది. ప్రశ్నని అజెండాలోకి తీసుకుంటారో, జీరో అవర్‌లో మాట్లాడుకోండి అంటారో చూడాల. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో రాతపూర్వకంగా అడుగుతాం అంటాంది. ఒకవేళ కౌన్సిల్ గడువు అయిపోయి స్పెషల్ ఆఫీసర్ ఉంటే ఆయనకైనా ఇదే కాగితం ఇవ్వొచ్చు, లెక్క చెప్పాల్సింది ఆఫీసు కదా.

మీ ఊరి అజెండా కాపీలు, మీటింగ్ మినిట్స్ ఇవ్వమంటే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 చట్టంలో నాలుగో సెక్షనే చెప్తుంది, ఆ ఆఫీసు కింద ఉండే కౌన్సిళ్లు, కమిటీలు ఏవి, వాటి సమావేశాలు జనం చూడొచ్చా, మినిట్స్ జనానికి దొరుకుతాయా అనేది ఎవరూ అడగకుండానే ఆఫీసు వాళ్లే బయట పెట్టాల అని. పెట్టకపోతే పది రూపాయల ఫీజుతో అప్లికేషను పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. పైన రాసిన ప్రశ్నని అట్లాగే కాపీ చేసుకుని, మీ డివిజన్ నంబరు, ఊరి పేరు మార్చి మీ కార్పొరేటర్‌కి వాట్సాప్‌లో పంపండి, సంతకం పెట్టి ఇస్తారా లేదా అని అడగండి. ఎవరైనా ఇస్తే, ఇన్‌వర్డ్ నంబరు పడిన రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.